ఇంటర్వెల్ ఉన్న సినిమా

ఆ వీధిలో అతని అసలు పేరు పలికేవాళ్ళు లేరు. కత్తి గడ్డం మీద నడుస్తున్నదీ లేనిదీ తెలియనంత తేలికగా గీస్తాడని ఎవరో పెద్దాయన "నీది మెత్తచెయ్యిరా" అన్నాడట. ఆ మాటే పేరై కూర్చుంది. చెయ్యే కాదు, మనసూ అంతే. పొద్దున్నే సెలూను తలుపు తీయగానే దేవుడి పటానికి దణ్ణం పెట్టి, "స్వామీ, ఇవాళ ఎవరికీ గాటు పడకుండా చూడు" అని వేడుకునేవాడు. బేరాలు బాగా రావాలని ఎప్పుడూ అడగలేదు. అడగనందుకేనేమో, ఆ స్వామి అతన్ని ఎన్నడూ పస్తు పడుకోబెట్టలేదు.

సెలూను రైలు పెట్టెలా పొడుగ్గా ఉండే ఇరుకు గది. తలుపుకు ఎదురు గోడంతా ఒకటే అద్దం. దాని ముందు రెండు కుర్చీలు. తలుపు పక్క గోడకు ఆనించి వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల. టీవీ బిగించడానికి తలుపు నెత్తిన తప్ప చోటు దొరకలేదు. అందుచేత కుర్చీలో ఉన్నవాళ్ళూ బల్ల మీద ఉన్నవాళ్ళూ అందరూ సినిమాను అద్దంలోనే చూడాలి. మెత్తచెయ్యి కూడా అంతే. చేతులు తల మీద, కళ్ళు అద్దంలో.

ఆ టీవీలో ఏళ్ళ తరబడి ఆడేది ఒకటే సినిమా. నలుపు తెలుపుల కాలం నాటిది. "వార్తలు పెడితే వాదనలొస్తాయి. మ్యాచ్ పెడితే మెడలు తిరుగుతాయి. కొత్త సినిమా పెడితే తర్వాతేమవుతుందోనని కుర్చీలో ఎగిరిపడతారు. తెలిసిన సినిమా అయితే తలా కుదురుగా ఉంటుంది, నా కత్తీ కుదురుగా ఉంటుంది" అనేవాడు. పొద్దున్నే పేర్లు పడే భాగం దాటించి కథ మొదలుపెట్టేవాడు. కుర్చీ ఖాళీ అయితే కరెంటు దండగని ఆపేవాడు. అలా ఆగుతూ సాగుతూ ఆ సినిమా సాయంత్రానికి ముగింపు చేరేది. అందువల్ల ఎవరు ఏ వేళకు వస్తే వాళ్ళకు ఆ ముక్కే సొంతం. పొద్దున వచ్చేవాళ్ళు అది కడుపుబ్బ నవ్వించే సినిమా అనేవాళ్ళు. పొద్దుగూకాక వచ్చే కరెంటు ఆఫీసాయన, "నవ్వేమిటండీ, గుండె తరుక్కుపోతుంది" అని తువ్వాలుతో కళ్ళొత్తుకునేవాడు. పక్కన టీ కొట్టు నడిపే వదిన గ్లాసులు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా ఓ ముక్క చూసిపోయేది. ఆమెది ఎడమచేతివాటం. ఎడమ చేత్తో టీ పోస్తుందని ఒకప్పుడు మూతి ముడిచినవాళ్ళు ఉండేవారు. సినిమాలో కథానాయకుడు, రేవులో టిక్కెట్లు రాసే గుమస్తా, చక్కగా ఎడమ చేత్తో రాస్తుంటాడు. అది చూపించి ఆమె అందరి నోళ్ళూ మూయించింది.

పొద్దున మొట్టమొదట వచ్చేది బస్సు బాబాయి. బస్సు తోలి తోలి రిటైరైన మనిషి. గీయడానికి గడ్డం ఉన్నా లేకపోయినా వచ్చేవాడు. గీయించుకుని, బల్ల మీద కూర్చుని, పేపరు తిరగేస్తూ చూసేవాడు. సినిమాలో రోజూ రేవుకు వచ్చి టిక్కెట్టు కొని, పడవ ఎక్కకుండా వెళ్ళిపోయే పిల్ల నవ్వినప్పుడల్లా తనూ నవ్వేవాడు. ఆ పిల్లకూ గుమస్తాకూ పెళ్ళయి, పెళ్ళికూతురి చెప్పు ఒడ్డున ఉండిపోయిందని అతను దాని కోసం పరుగెత్తేసరికి పడవ కదిలిపోతుంది. సరిగ్గా అక్కడ బాబాయి లేచి, కండువా దులుపుకుని వెళ్ళిపోయేవాడు. ఆకలి వేళేమో అనుకునేవాడు మెత్తచెయ్యి.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోడ్డు మీద కోడిపిల్లనైనా తొక్కించని మనిషి, సొంత గుమ్మంలో చెప్పులేసుకోబోతూ జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టి మంచం ఎక్కించారు. మెత్తచెయ్యి సెలూను తెరవకముందే సంచీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి గడ్డం గీసి వచ్చేవాడు. రమ్మని ఎవరూ పిలవలేదు, వస్తానని అతనూ చెప్పలేదు.

ఒకరోజు గుమ్మంలోనే కోడలు ఆపింది.

"అన్నయ్యా, మావయ్యగారు రెండు ముద్దలు తిని చాలంటున్నారు. గోడకేసి తిరిగి పడుకుంటున్నారు. మీ మాటైనా వింటారేమో చూడండి."

లోపల మెత్తచెయ్యి పూసిన నురగ కింద బాబాయి ముఖం దాచుకుని పడుకున్నాడు.

"ఏం బాబాయ్, బండి కదలనంటోందట?"

"డిపోలో పెట్టేశార్రా. ఇక తుక్కు కింద అమ్ముకోవడమే."

"అంత మాటెందుకు. కొట్లో మీరు లేక ఆ పిల్ల నవ్వడం మానేసింది. మన సినిమా ఇక్కడికే తెస్తానుండండి."

బాబాయి కళ్ళు తెరిచాడు. చాలా రోజులకు ఆ కళ్ళలో దీపం వెలిగింది. "తెస్తావా? మరి నీ డిస్కు నీ మిషన్లో తప్ప ఆడదంటావుగా."

"అవును, ముసలిదైపోయింది, నేను రెండు దెబ్బలేస్తే గాని కదలదు. కొత్త డిస్కు కొంటాను."

బాబాయి మెల్లిగా, "ఇంటర్వెల్ దాకా చాలురా. ఆ తర్వాత నాకొద్దు" అన్నాడు.

ఎందుకని అడగలేదు మెత్తచెయ్యి. కత్తి పట్టుకున్నవాడు తొందరపెట్టకూడదని అతని నియమం. బాబాయే చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో పిన్నిని తీసుకుని ఆ సినిమాకు వెళ్ళాడట. నిండు చూలాలు. ఇంటర్వెల్ వేళకు నొప్పులు మొదలయ్యాయి. హాల్లోంచి నేరుగా ఆసుపత్రికి. అక్కడే కొడుకు పుట్టాడు.

"మిగతా సగం ఎప్పుడన్నా చూద్దాంలే అంది మీ పిన్ని. డ్యూటీలు, పిల్లలు, ఏడాదికేడాది వాయిదా. ఇంతలో ఆవిడ వెళ్ళిపోయింది. ఇద్దరం కలిసి చూడాల్సింది నేనొక్కణ్ణీ ఎలా చూస్తానురా. మీ కొట్లో కూడా అందుకే అక్కడ లేచేవాణ్ణి. ఆ పడవ కదిలేదాకా మాత్రం ఆవిడ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది."

ఆ పూట మెత్తచెయ్యికి సబ్బు నురగ ఆరిపోయిన సంగతి కూడా తెలియలేదు. సగం సినిమా అయినా సరే, సరైన సినిమా తేవాలి అనుకున్నాడు. ఆ మంచం మీది మనిషి మళ్ళీ అన్నం తినడం దాని మీదే ఉందని అతనికి గట్టిగా తోచింది.

బజారులో డిస్కుల కొట్టు అక్క ఫోన్ల కవర్లూ, చార్జర్లూ అమ్ముకుంటూ, ఓ మూల పాత సినిమాలు కూడా పెట్టుకుంది. పేరు చెప్పగానే మూడు పెట్టెలు ముందు పరిచింది. ఒకటి రంగులు వేసినది. రెండోది కొత్తగా శుభ్రం చేసినది, బొమ్మ అద్దంలా ఉంటుంది. మూడోది ఎప్పటిదో పాతది, అట్ట కూడా వెలిసిపోయింది. అడిగితే ఒక్కొక్కటీ టీవీలో వేసి చూపించింది.

రంగులది చూడగానే మెత్తచెయ్యి, "అక్కా, ఇది తప్పు ప్రింటు" అన్నాడు.

"తప్పేముంది?"

"గుమస్తా కుడి చేత్తో రాస్తున్నాడు. మాది ఎడమచేతివాడు. ఆ పిల్లకు పుట్టుమచ్చ కూడా ఆ బుగ్గ మీద కాదు, ఈ బుగ్గ మీద."

అక్క రెండోది వేసింది. అందులోనూ కుడి చెయ్యే. మూడోది వేసింది. పడవ కూడా అటుపోవాల్సింది ఇటుపోయింది.

"మూడూ తప్పేనక్కా."

"మూడు కంపెనీలవాళ్ళూ కూడబలుక్కుని నీ ఒక్కడి మీద పగబట్టారా తమ్ముడూ?"

"నేను రోజూ చూసే సినిమా అక్కా. నా చేతిగీత మరిచిపోతాను గాని ఆ పుట్టుమచ్చ మరిచిపోను."

అక్క నవ్వేసింది గాని విసుక్కోలేదు. "సరే, ఇంకెక్కడన్నా మీ ఎడమచేతివాడు దొరుకుతాడేమో కనుక్కుంటాను, రేపు రా" అంది. పాపం, ఊళ్ళో తెలిసిన కొట్లన్నిటికీ ఫోను చేసి, "ఎడమ చేత్తో రాసే ప్రింటు ఉందా" అని అడిగిందట. వాళ్ళు ఏమనుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

మర్నాడు పొద్దున మెత్తచెయ్యి భార్య క్యారేజీ ఇవ్వడానికి సెలూనుకు వచ్చింది. ఆమె పసిపిల్లల బడిలో ఆయా. భర్త చెప్పిందంతా విని, టీవీకేసి చూడబోయి మెడ నొప్పి పుట్టి, అద్దంలో చూసింది. చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమిటే ఆ నవ్వు?"

"ఏమండీ, మా పిల్లలకు ఆటపాట నేర్పేటప్పుడు నేను వాళ్ళకు ఎదురుగా నిలబడతాను. వాళ్ళు కుడి చెయ్యి ఎత్తాలంటే నేను ఎడమ చెయ్యి ఎత్తాలి. లేకపోతే పిల్లలందరూ తిరగేసి ఎత్తుతారు. నేను వాళ్ళకు అద్దాన్నన్నమాట."

"అయితే?"

"ఓసారి వెనక్కి తిరిగి ఆ టీవీని సూటిగా చూడండి."

మెత్తచెయ్యి వెనక్కి తిరిగాడు. తల పైకెత్తాడు. గుమస్తా నిక్షేపంలా కుడి చేత్తో టిక్కెట్టు రాస్తున్నాడు. అద్దంలోకి చూశాడు, ఎడమ చెయ్యి. మళ్ళీ టీవీలోకి, కుడి చెయ్యి. తలుపులోకి వచ్చిన మొదటి బేరగాడు, ఇతనికి మెడ పట్టేసిందేమోనని కంగారుపడ్డాడు.

అద్దంలో అక్షరాలు తిరగబడతాయని అతనికి తెలియక కాదు. మనుషులు కూడా తిరగబడతారని తోచలేదు. ఎలా తోస్తుంది? క్షురకుడు మనిషి వెనక నిలబడి అద్దంలో చూస్తాడు. ఆ మనిషి ఎడమ పాపిడి అతనికీ ఎడమ వైపే ఉంటుంది, అద్దంలోనూ ఎడమ వైపే ఉంటుంది. ఎంతమందికి పాపిడి తీసినా ఆ అద్దం అతనితో ఒక్క అబద్ధం ఆడలేదు. వెనక గోడ మీది సినిమా విషయంలో మాత్రం ఇన్నేళ్ళూ వీధి మొత్తాన్నీ మోసం చేసింది.

"టీ కొట్టు వదినకు ఇప్పుడేమని చెప్పాలే?" అన్నాడు దిగులుగా.

"ఆవిడ సంగతి ఆవిడ చూసుకుంటుంది. మీరు ముందు ఆ అక్కకు క్షమాపణ చెప్పిరండి."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కలిసి వెళ్ళారు. అక్క సంగతి విని, బల్ల మీద చెయ్యి ఆనించి కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. "అమ్మయ్య, మా కొట్లోవన్నీ మంచి ప్రింట్లే. అయితే ఈ శుభ్రం చేసింది తీసుకో తమ్ముడూ. పెద్దాయన కళ్ళకు హాయిగా ఉంటుంది. గీత లేదు, మచ్చ లేదు."

వేసి చూపించింది. నిజమే, రేవులో నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఆ పిల్ల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. మెత్తచెయ్యి మనసు దాని మీదికి పోయింది. కాని అతను, "అక్కా, ఆ పడవ కదిలే చోటికి జరుపుతావా" అన్నాడు. జరిపింది. పెళ్ళికూతురు పడవలోంచి చెయ్యి ఊపుతుంది, గుమస్తా చెప్పు పట్టుకుని ఒడ్డున నిలబడిపోతాడు, కన్ను మూసి తెరిచేలోగా తర్వాతి ఊరు, తర్వాతి మాట.

"ఇంటర్వెల్ ఏదీ?"

"ఇందులో తీసేశారు. ఇంట్లో చూసేవాళ్ళకు ఎందుకని. ఒకటే డిస్కు, ఆగకుండా పోతుంది. రంగులదీ అంతే."

"ఈ పాతది?"

"దాన్ని ఎవరూ అడగరు. బొమ్మంతా గీతలే, వాన కురిసినట్టుంటుంది. రెండు డిస్కులు. ఇంటర్వెల్ అని పడ్డాక లేచి మార్చుకోవాలి."

మెత్తచెయ్యి వెలిసిపోయిన పెట్టెను రెండు చేతులా తీసుకున్నాడు. శుభ్రం చేసినదాంట్లో అయితే ఎవరో ఒకరు గబుక్కున ఆపాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే రెండో సగం బాబాయి కళ్ళ ముందుకు తోసుకొచ్చేస్తుంది. ఇందులో సినిమాయే తనంతట తాను ఆగుతుంది. ఆయన ఎక్కడ ఆగాలనుకున్నాడో అక్కడే మర్యాదగా నిలబడుతుంది.

"ఇదివ్వక్కా."

"అన్నీ చూపించాక చివరికి ఈ వానదా" అంది అక్క. భార్య మాత్రం కొంగు ముడి విప్పి డబ్బు తీసి ఇచ్చింది. భర్త చెయ్యి ఒక్కటే కాదు మెత్తన అని ఆమెకు కొత్తగా తెలియాల్సింది కాదు.

సెలూను సెలవు రోజు మధ్యాహ్నం బాబాయి మంచాన్ని ముందు గదిలోకి జరిపారు. వీపు వెనక దిండ్లు పెట్టారు. టీ కొట్టు వదిన ఫ్లాస్కు తెచ్చింది. కరెంటు ఆఫీసాయన తువ్వాలు తెచ్చుకున్నాడు. ఇంటర్వెల్ తర్వాతి కథ ఎవరూ నోరు జారకూడదని మెత్తచెయ్యి ముందే ఒట్టు వేయించాడు. కరెంటు ఆఫీసాయనకు తెలిసిందల్లా ఆ తర్వాతి కథే కనుక పాపం నోరు తెరవకుండా కూర్చున్నాడు.

సినిమా మొదలైంది. వాన కురిసింది. వాన వెనక ఆ పిల్ల టిక్కెట్టు అడిగింది.

"ఇదేమిటి మరిదిగారూ, ఇతను కుడి చేత్తో రాస్తున్నాడు?" అంది వదిన.

మెత్తచెయ్యి తన భార్యకేసి చూశాడు. భార్య అద్దం సంగతి విడమరిచి చెప్పింది. గదంతా వదినకేసి చూసింది. ఆమె ఎడమ చేత్తో టీ గ్లాసులోకి వంపుతూ తాపీగా, "పోనీలెండి పాపం, అన్ని విద్యలూ ఒక్కడికే ఎక్కడొస్తాయి" అంది. బాబాయి నవ్వాడు. నవ్వీ నవ్వీ పొలమారింది. కోడలు నీళ్ళు తెచ్చి ఇచ్చి, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆ ఊపులో సగం సినిమా ఇట్టే గడిచింది. పడవ కదిలింది. తెర మీద పెద్ద అక్షరాలతో ఇంటర్వెల్ అని పడింది. డిస్కు ఆగింది. బాబాయి దుప్పటి అంచు సవరించుకుంటున్నాడు.

"చాలురా అబ్బాయ్. చాలా బావుంది" అన్నాడు.

మెత్తచెయ్యి రెండో డిస్కు పెట్టెలోనే ఉంచి మూత వేశాడు. సరిగ్గా అప్పుడే బాబాయి కొడుకు వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు. చేతుల నూనె తుడుచుకుంటూ తెరకేసి చూసి, "ఓ, నా సినిమానా" అన్నాడు.

"నీ సినిమా ఏమిటి?" అంది కోడలు.

"అమ్మ నన్ను ఇంటర్వెల్ గాడు అనేది కాదూ, దీని వల్లే."

"అదేదో ముద్దు పేరనుకున్నాను ఇన్నాళ్ళూ."

"ముద్దూ కాదు మురిపెమూ కాదు, సినిమా చెడగొట్టినందుకు తిట్టు." పెట్టె చూసి, "మరి ఆపేశారేం, రెండోది పెట్టలేదే?" అన్నాడు.

మెత్తచెయ్యి అతన్ని పక్కకు తీసుకుపోయి చెబుదామనుకున్నాడు. బాబాయే చెప్పాడు. మీ అమ్మ చూడనిది నేను చూడను అన్నాడు.

కొడుకు తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తల గోక్కున్నాడు. "నాన్నా, అమ్మ చూసింది."

"ఏం చూసింది?"

"ఇది. మొత్తం. నేను బడికి కూడా పోని రోజుల్లో ఈ సినిమా మళ్ళీ వచ్చింది. మీరు డ్యూటీకి పోయారు. నన్ను చంకనేసుకుని మ్యాట్నీకి తీసుకుపోయింది. మీ నాన్నకు చెప్పకురా, నొచ్చుకుంటారు, ఆయనతో మళ్ళీ మొదటిసారి చూస్తున్నట్టు చూస్తాలే అంది. మీరు దీని కోసం ఇలా మడి కట్టుకుని కూర్చున్నారని నాకేం తెలుసు?"

బాబాయి కొడుకునే చూస్తూ ఉండిపోయాడు. ఆ ముఖం ఎటు తిరుగుతుందో మెత్తచెయ్యికి తెలియలేదు. ముందు మీసం కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. ఆ తర్వాత కట్టు కట్టిన కాలు కూడా దిండు మీద ఎగిరింది.

"నన్నొదిలేసి చూసొచ్చిందా? ఇంటికొచ్చి నాకు కూరేసి అన్నం పెట్టి, ఏమీ ఎరగనట్టు పడుకుందా? ఎంత గడుసుదిరా మీ అమ్మ." కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే నవ్వాడు. "ఒరే మెత్తచెయ్యీ, ఇంకా ఆ మూత మీద చెయ్యేమిట్రా? పెట్టు. ఏముందో చూస్తాను, నాకు చెప్పకుండా చూసేంతటిది."

రెండో డిస్కు పడింది. కరెంటు ఆఫీసాయన ఒట్టు తీరిపోయిందన్న సంతోషంతో ఏడుపు రాకముందే ఏడవడం మొదలుపెట్టాడు. కోడలు కంచంలో అన్నం కలిపి తెచ్చి ఇస్తే, బాబాయి తెర మీంచి కళ్ళు తిప్పకుండానే ముద్ద తర్వాత ముద్ద తిన్నాడు. మెత్తచెయ్యికి సినిమాను సూటిగా చూడటం ఇంకా అలవాటు కాలేదు. పడవ ఎటు నుంచి వస్తుందోనని ప్రతిసారీ తప్పు వైపే చూశాడు.

గుమస్తా ఆ ఒంటి చెప్పు పట్టుకుని ఊరూరా తిరుగుతూ, కనబడ్డ ప్రతి పిల్ల కాలికీ కొలిచి తిట్లు తింటున్నాడు. బాబాయి పకపక నవ్వి కొడుకు భుజం తట్టాడు.

"ఇక్కడ నవ్విందా మీ అమ్మ?"

"నవ్వింది నాన్నా."

ఇంకాసేపటికి, "మరి ఇక్కడో?"

"ఇక్కడైతే అందరికీ వినబడేలా నవ్వింది."

మెత్తచెయ్యి అతని చెవి దగ్గరికి వంగి, "అంత చిన్నప్పటిది ఎలా గుర్తుంది తమ్ముడూ నీకు?" అన్నాడు గుసగుసగా.

"ఏం గుర్తన్నా. హాల్లో దీపాలార్పగానే అమ్మ భుజం మీద నిద్రపోయాను. ఇంటికి వచ్చేదాకా లేవలేదు" అన్నాడతను ఇంకా చిన్న గొంతుతో. అంతలో మంచం మీంచి మళ్ళీ ప్రశ్న వచ్చింది.

"ఒరే, ఇక్కడ?"

"నవ్వింది నాన్నా" అన్నాడు కొడుకు.